కేకును వండుతామా, కాలుస్తామా, బేక్ చేస్తామా?

సందేహం: వేడుకలకు, సెలవు రోజుల విందులకు ఇంట్లో చేసే వంటలను మా పిల్లల కోసం ఒక పుస్తకంలో తెలుగులో రాసి పెడుతున్నాను. అందులోని ఒక భాగం చదివి మా అత్తగారు ‘కేకును ఎవరైనా వండుతారా?’ అన్నారు. మా అబ్బాయి ‘బేక్ చేయాలి అని రాస్తే సరిపోతుంది కదా’ అంటున్నాడు. ‘కాల్చాలి’ అని రాద్దామంటే మాడ్చమని చెప్పినట్టు వినిపిస్తోంది. ఆ భాగం ఇది: ‘నా చేత ఇంట్లో తయారు చేయబడిన కేకు. ముందుగా వెన్న, చక్కెర మిక్స్ చేసుకోవాలి. మైదా, బేకింగ్ పౌడరు యాడ్ చేసుకుని కలుపుకోవాలి. పిండి పులిసిన తరువాత 180 డిగ్రీల మంట మీద 35 నిమిషాలు వండుకోవాలి. చల్లార్చుకుని అతిథులకు వడ్డించుకోవాలి.’ ఇందులో ఏవి సరైనవి, ఏవి కావు? దయచేసి వివరించగలరు.

సమాధానం: మీరు అడిగిన మూడు క్రియలలో ఏదీ అపశబ్దం కాదు. అయితే చేసే విధానం చెప్పేటప్పుడు ‘వండు’ చాలదు, ‘కాల్చు’ సరిగ్గా సరిపోతుంది, ‘బేక్ చేయు’ను అంగీకరించవచ్చు. కారణం తెలియాలంటే, పదార్థానికి వేడి ఏ దారిన అందుతున్నదో దానిని బట్టి తెలుగు తన వంట క్రియలను ఎలా వేరు చేసుకున్నదో చూడాలి.

నీటిలోగాని ఆవిరిలోగాని మెత్తబడేది ఉడుకుతుంది. నూనెలోనో, నేతిలోనో, తడి లేని మూకుడులోనో రంగు మారేది వేగుతుంది. ద్రవమే వేడెక్కితే కాగుతుంది, బుడగలు వచ్చేదాకా వేడెక్కితే మరుగుతుంది. అందుకే నూనె కాగిందనీ, నీళ్లు మరిగాయనీ అనడం మంచి వాడుక. నీరూ నూనే ఆధారం కాకుండా నిప్పో, పెనమో, వేడిగాలో ఇచ్చే పొడి సెగకు పక్వమయ్యేది కాలుతుంది. వీటికి జంటగా ఉడికించు, వేయించు, కాచు, మరిగించు, కాల్చు అనే సకర్మక క్రియలు ఉన్నాయి. మొదటి వరుస పదార్థంలో జరిగే మార్పును చెబుతుంది, రెండవ వరుస వంట చేసేవారి పనిని చెబుతుంది. (వీటిలో ‘వేయించు’ విషయంలో కొంత జాగ్రత్త అవసరం. ‘వేగు’ నుంచి వచ్చిన వేయించు ఒకటి, ‘వేయు’కు ప్రేరణగా వచ్చిన వేయించు ఇంకొకటి, ‘పైన క్రీము వేయించాను’ అంటే వేరొకరితో ఆ పని చేయించానని అర్థం.)

ఇక ‘వండు’ ఈ వరుసలో చేరేది కాదు. అది వేడి దారిని చెప్పదు, తినడానికి సిద్ధం చేయడాన్ని మొత్తంగా చెబుతుంది. అన్నం, కూర వండుతామని తెలుగువారందరూ అంటారు. గారెలు, బూరెలు వండామని కొన్ని ప్రాంతాలవారు సహజంగా అంటారు, చేశామని మరికొన్ని ప్రాంతాలవారు అంటారు. పిండివంట అనే సమాసంలో వేగినదీ, ఉడికినదీ, కాలినదీ అన్నీ ఇమిడిపోతాయి. కాబట్టి మాటల్లో ‘ఈసారి పుట్టినరోజుకు కేకు నేనే వండాను’ అనేవారిని తప్పుపట్టడానికి వీలు లేదు. మీ అత్తగారి అభ్యంతరం ఆమెకు అలవాటైన వాడుకను బట్టి వచ్చినది. ఆ వాడుక కూడా గౌరవించదగినదే. కాని పుస్తకంలో ‘35 నిమిషాలు వండాలి’ అని చదివినవారు ఆ పిండిని గిన్నెలో పోసి పొయ్యి మీద పెట్టినా మీరు ఆక్షేపించలేరు. చేసే విధానం రాస్తున్నప్పుడు చదివేవారికి ఏ పని చేయాలో తెలియాలి, ‘వండు’ ఆ వివరం ఇవ్వదు.

‘కాల్చు’ ఇస్తుంది. రొట్టెను పెనం మీద కాలుస్తాము, దుంపను నిప్పుల్లో కాలుస్తాము. ఇవి రెండూ నేరుగా తగిలే వేడి కదా, మూసి ఉన్న ఓవెనుకు ఆ మాట ఎలా పనికివస్తుందని సందేహం రావచ్చు. కుండలను ఆవంలో, ఇటుకలను బట్టీలో కాలుస్తారన్న వాడుకను గుర్తు చేసుకోండి. అన్ని వైపులా మూసిన చోట, చుట్టూ సమంగా కమ్ముకునే పొడి వేడితో వస్తువును గట్టిపరచడాన్ని చెప్పడానికి తెలుగు ఎంతో కాలంగా వాడుతున్న క్రియ ‘కాల్చు’ అన్నమాట. ఓవెన్ కొత్తదే అయినా ఆ పని తెలుగుకు కొత్తది కాదు.

కేకులో జరిగే మార్పు కూడా ఈ మాటను సమర్థిస్తుంది. నీరు ఉన్నంతవరకు పదార్థం వేడి 100 డిగ్రీల సెల్సియస్‌కు పైన పెద్దగా పోదు కనుక ఉడికినదానికి గోధుమరంగు రాదు. పొడి సెగకు పైపొరలోని తేమ ఆవిరైపోయి, వేడి సుమారు 140 డిగ్రీలకు చేరేసరికి చక్కెరలు, ప్రొటీన్లలోని అమైనో ఆమ్లాలు కలిసి కొత్త రంగునూ వాసననూ పుట్టిస్తాయి. 1912లో ఫ్రెంచి శాస్త్రవేత్త మెయిలార్డ్ వివరించిన ఈ చర్య పేరుతోనే నేటికీ ఆయనను తలచుకుంటున్నారు. కేకు పైభాగం ఇలా కాలుతుంది. లోపలి భాగంలో తేమ నిలిచి ఉండడం వల్ల అది 100 డిగ్రీలను దాటదు. ఎవరూ నేర్పకుండానే మన ఇళ్లలో ‘పైన బాగానే కాలింది, లోపల ఇంకా ఉడకలేదు’ అంటారు. ఒకే కేకుకు రెండు క్రియలు వాడిన ఆ వాక్యం ఎంత కచ్చితమైనదో గమనించండి. ఇంత సూక్ష్మంగా విషయం చెప్పగలిగిన భాషను ఒక్క ‘బేక్’ మాటకు కుదించుకోవడం నాకు బాధ కలిగిస్తుంది.

మీ భయం సంగతికి వస్తాను. ‘కాల్చు’ అంటే మాడ్చడమే అనిపించడానికి కారణం, మనుషుల చర్మమో, బట్టో, ఇల్లో కాలితే అది నష్టం కావడమే. రొట్టెకు మాత్రం కాలడం పక్వ దశ. ‘బాగా కాలిన రొట్టె’ అనేది మెప్పు. హద్దు దాటడాన్ని చెప్పడానికి తెలుగు వేరే ఏర్పాట్లు చేసుకుంది: ‘పోవు’ చేర్చి ‘కాలిపోయింది’ అంటాము, లేదా ‘మాడింది’ అంటాము. కాలింది, కాలిపోయింది, మాడింది అనే మూడింటి మధ్య ఉన్న తేడా తెలుగు విన్న చెవికి వెంటనే తెలుస్తుంది. అయినా సందర్భమేదీ లేకుండా ‘నిన్న కేకు కాల్చాను’ అంటే వినేవారు ఒక్క క్షణం తడబడతారన్నది నిజమే. అటువంటి చోట ‘కేకు చేశాను’ అనండి. విధానం చెప్పే చోట ‘పైభాగం లేత గోధుమరంగుకు వచ్చేవరకు కాల్చాలి’ అని రాయండి. అక్కడ ఏ హద్దు వరకు కాల్చాలో వాక్యమే చెబుతోంది కనుక అనుమానానికి తావుండదు. బిస్కెట్లకు, బన్నులకు, రొట్టెలకు ఈ జాగ్రత్త కూడా అక్కర్లేదు.

మీ అబ్బాయి చెప్పిన ‘బేక్ చేయు’ తెలుగు వ్యాకరణానికి విరుద్ధం కాదు. బయటి నుంచి వచ్చిన మాటకు ‘చేయు’ చేర్చి క్రియగా మలచుకోవడం మన భాషకు పాత అలవాటు. ‘తయారు చేయు’లోని తయారు కూడా అలా వచ్చి స్థిరపడినదే. కొత్త పరికరంతో పాటు వచ్చిన మాటను ఆ పరికరం దగ్గర వాడుకోవడంలో దోషం లేదు. ‘మిక్స్ చేయు’, ‘యాడ్ చేయు’ విషయంలో మాత్రం నేను అంత ఉదారంగా ఉండలేను. ఆ పనులు ఓవెనుతో వచ్చినవి కావు. పైగా ‘మిక్స్’ అనే ఒక్క మాట, వంటకు అత్యవసరమైన తేడాలను చెరిపేస్తున్నది.

వెన్ననూ చక్కెరనూ కలపడం ఒక్కటే చాలదు. వెన్న తెల్లబడి తేలికయ్యేవరకు గిలకొట్టాలి, ఎందుకంటే అప్పుడు చిక్కుకునే సన్నని గాలి బుడగలే కేకు గుల్లబారడానికి ఆధారం. మైదాను జల్లించాలి. మైదా చేరిన తరువాత మాత్రం గిలకొట్టకూడదు, పొడి కనబడనంతవరకు మెల్లగా కలపాలి. తడిసిన మైదాను ఎంత కదిలిస్తే గ్లూటెన్ అనే సాగే ప్రొటీను అంతగా అల్లుకుని కేకు గట్టిపడుతుంది. ఈస్టు వేసే రొట్టెకు అదే గ్లూటెన్ బలంగా ఉండాలి కనుక పిండిని బాగా పిసకాలి. గిలకొట్టు, జల్లించు, కలుపు, పిసుకు అనే నాలుగు క్రియలు నాలుగు వేరు వేరు చేతి పనులు. మీ పిల్లలు మీ పుస్తకాన్ని చూసి కేకు చేసేటప్పుడు మీరు పక్కన లేకపోయినా, సరైన క్రియ ఉంటే మీ చేతి కదలిక వారికి అందుతుంది. మీరు రాసిన ‘మిక్స్’ అందించలేనిది అదే. ‘యాడ్’కు బదులు వేయు, పోయు, చల్లు, చేర్చు అనేవి ఉన్నాయి, ముద్దగానో పొడిగానో ఉన్నది వేస్తాము, ద్రవాన్ని పోస్తాము.

‘పిండి పులిసిన తరువాత’ అన్నది వాడుకలోనూ విషయంలోనూ పొరపాటే. పులియడం సూక్ష్మజీవుల వల్ల జరిగేది, ఈస్టు వేసిన పిండికి అది తగిన మాట. బేకింగ్ పౌడరులో ఉండేవి వంట సోడా, ఆమ్ల గుణం గల లవణం. తడి, వేడి తగిలినప్పుడు అవి కలిసి కార్బన్ డయాక్సైడును విడుదల చేస్తాయి, దానితో పిండి పొంగుతుంది. అక్కడ పులియడమంటూ ఏదీ లేదు. చదివినవారు పులుస్తుందేమోనని పిండిని గంటల తరబడి పక్కన పెడితే వాయువు ముందే పోయి కేకు అణిగిపోతుంది. ఈస్టు రొట్టె పులిసి పొంగుతుందనీ, బేకింగ్ పౌడరు కేకు పొంగుతుందనీ రాయండి. అలాగే ఓవెనులోని పిండికి మంట తగలదు కనుక ‘180 డిగ్రీల వేడిలో’ అనండి. ‘180 డిగ్రీల వద్ద’ అనేది ఆంగ్ల వాక్యపు నీడ.

ఇక మీరు ప్రత్యేకించి అడగకపోయినా ఎక్కువగా చర్చించవలసినది ప్రతి క్రియకూ మీరు తగిలించిన ‘కొను’ గురించి. ఈ మధ్య వంటల రాతల్లో వేసుకోవాలి, కలుపుకోవాలి, తీసుకోవాలి అనేవి ఊపిరి తీసుకోనివ్వకుండా వస్తున్నాయి. ‘కొను’ను వ్యాకరణంలో ఆత్మార్థకం అంటారు, పని ఫలితం చేసినవారికే చెందుతుందని అది తెలుపుతుంది. అన్నం వండింది అంటే ఎవరి కోసమైనా కావచ్చు, వండుకుంది అంటే తన కోసమే.

వంట విధానంలో దీనికి చక్కటి స్థానం లేకపోలేదు. ముందుగా సిద్ధపరచి, తరువాతి పనికి చేతికి అందేలా ఉంచుకునేవాటికి ‘కొను’ అందమిస్తుంది. ‘ఓవెనును ముందే వేడి చేసుకోవాలి’, ‘మైదాను జల్లించి పక్కన పెట్టుకోవాలి’, ‘గింజలను సన్నగా తరిగి ఉంచుకోవాలి’ అనే వాక్యాలలో ఆ పనుల ఫలితం కాసేపటికి వండేవారికే ఉపయోగపడుతుంది కనుక ‘కొను’ సార్థకం. అసలు వంట మొదలైన తరువాత దాని అవసరం తగ్గుతుంది: గిలకొట్టాలి, కలపాలి, పోయాలి, కాల్చాలి అంటే చాలు. ఇవి ఎలాగూ వంట చేసేవారి పనులే అని తెలుస్తున్నప్పుడు ప్రతిసారీ ‘కొను’ తగిలిస్తే దాని అర్థం అరిగిపోయి, నిజంగా కావలసిన చోట కూడా వినిపించకుండా పోతుంది.

‘అతిథులకు వడ్డించుకోవాలి’ మాత్రం స్పష్టంగా తప్పు. వడ్డించుకోవడం అంటే ఎవరి కంచంలో వారు పెట్టుకోవడం. అతిథులు వడ్డించుకుంటారు, మనం అతిథులకు వడ్డిస్తాము. విందు అనే మాటకు ప్రాచీన వాడుకలో అతిథి అనే అర్థమూ ఉన్నది. ఇంటికి వచ్చినవారికే చెందిన ఆ పనిలో ‘కొను’ను ఉంచితే వాక్యం తన అర్థానికే అడ్డుపడుతుంది.

‘చల్లార్చుకుని’ అన్నచోట ‘చల్లారనిచ్చి’ అనడం మంచిది. చల్లార్చడంలో విసరడమో, చన్నీళ్లలో పెట్టడమో, మన ప్రయత్నమేదో ఉంటుంది. చల్లారనివ్వడంలో దాని మానాన దానిని వదిలివేయడం ఉంటుంది. కేకుకు కావలసినది రెండవది, పైన క్రీము వేయవలసి ఉంటే అది పూర్తిగా చల్లారడం మరీ అవసరం. పిండిని పులియబెట్టడం, పులియనివ్వడం కూడా ఇటువంటి జంటే.

మొదటి వాక్యంలోని ‘నా చేత తయారు చేయబడిన’ అనే కర్మణి ప్రయోగం తెలుగు నాలుకకు సహజం కాదు. ‘నేను ఇంట్లో చేసిన కేకు’ అంటే అర్థం పూర్తిగా వస్తుంది, మీ ఆప్యాయతా నిలుస్తుంది.

కేక్ అని రాయాలా, కేకు అని రాయాలా అన్న ప్రశ్న కూడా త్వరలో మీకు ఎదురవుతుంది. అచ్చుతో ముగియడం తెలుగు మాట స్వభావం కనుక కేకు, కేకులు, కేకును, కేకులో అనే రూపాలు విభక్తులతో ఇబ్బంది లేకుండా కలుస్తాయి. కేక్, కేక్‌ను, కేక్‌లో అని రాసేవారూ చాలామంది ఉన్నారు, వాటిని దోషమనను. ఏ రూపాన్ని ఎంచుకున్నా పుస్తకమంతటా అదే పాటించండి. బహువచనంలో మాత్రం ‘కేక్స్’ అని కాకుండా ‘కేకులు’ అనే రాయండి.