కొత్త పెళ్లికూతురి మంగళవారం నోము

ప్రశ్న: ఈ శ్రావణంలో మా అమ్మాయి మొదటి నోము పడుతోంది. మా బంధువుల ఇంట్లో పోయినేడు చలిమిడి జ్యోతులు పగిలి నెయ్యి కారిపోయింది, కాటుకే పట్టలేదు. అలా కాకుండా ఏం చేయాలి?
– ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: లోపం పిండిలోనే ఉంటుందమ్మా. కొన్న పొడి బియ్యప్పిండికి జిగురుండదు, ఆరగానే బీటలిస్తుంది. సోమవారం రాత్రి పావుకిలో బియ్యం నానబోయండి. పొద్దున వడకట్టి, బట్ట మీద పావుగంటకు మించి ఆరనివ్వకుండా తడిగానే పట్టి జల్లించండి. అందులో సుమారు 125 గ్రాముల బెల్లం తురుము, రెండు చెంచాల నెయ్యి వేసి పిసకండి. నీళ్లు మాత్రం పోయొద్దు. బెల్లం కరుగుతున్నకొద్దీ ముద్ద దానంతటదే మెత్తబడుతుంది. ముందే నీళ్లు పోస్తే జ్యోతులు వేడికి జారిపోతాయి. అయిదు జ్యోతులకూ గోడ అర వేలు మందం ఉంచి, లోపల నెయ్యి రాసి నున్నగా అదమండి. వత్తులు లావుగా చేసి అరగంట ముందే నేతిలో నానబెట్టండి.

ఇక కాటుక. కథ చదువుతున్నంతసేపూ నెయ్యి రాసిన అట్లకాడను మంట కొసకు తగిలీ తగలనట్టు పట్టాలి. పైకెత్తితే మసి గాలిలో కలుస్తుంది, మరీ దించితే దీపం కొండెక్కుతుంది. ఫ్యాను తప్పకుండా ఆపండి. పిడికి తడిగుడ్డ చుట్టండి, చెయ్యి కాలుతుంది. చల్లారాక గీకి, ఒక్క చుక్క నెయ్యితో రంగరించండి. ఈ నోముకు కాటుకే ప్రాణం, కాబట్టి కథను గబగబా ముగించకండి.

ప్రశ్న: వాయనాలు ఎంతమందికి? శనగలు ఎన్ని నానబెట్టాలి?
– పటమట, విజయవాడ

జవాబు: మొదటి ఏడు అయిదుగురు ముత్తయిదువులకు. ఏటా అయిదుగురు చొప్పున పెరిగి అయిదో ఏటికి ఇరవై అయిదుగురవుతారు. మొదటి నోము పుట్టింట్లోనే, తొలి వాయనం కన్నతల్లికే. తర్వాతి ఏళ్లు అత్తవారింట్లో. అయిదుగురికి అరకిలో శనగలు ధారాళంగా సరిపోతాయి, నానితే రెట్టింపవుతాయి. ఉక్కపోతకు పులిసిన వాసన వస్తుంది కనుక పొద్దున్నే నీళ్లు మార్చి కడగండి. సాయంత్రం పేరంటమైతే మధ్యాహ్నమే వడకట్టేయండి. తోరానికి అయిదు పోగులు, అయిదు ముడులు. కొన్ని ఇళ్లలో తొమ్మిది వేస్తారు, మీ అత్తగారిని అడిగి వేయండి.