అమ్మలూ, ఆ మాంటిల్ కార్డు కొనేముందు

అమ్మలూ,

టాప్స్ కంపెనీ బేస్‌బాల్ కార్డుల 1962, 1969 సెట్లను వేరియేషన్లతో (అదే నంబరులో అచ్చు తేడా ఉన్న కార్డులతో) సహా పూర్తి చేస్తానంటున్నావని, బోనస్ డబ్బంతా దానికే పెడతావని మీ అమ్మ ఫోన్లో ఒకటే టెన్షన్ పడింది. నాకు మాత్రం ఛాతీ పొంగింది. ఎడిసన్‌లో మా ఇంటికి వచ్చినప్పుడల్లా నేల మీద బోర్లా పడుకుని నా కార్డుల్ని నంబరు వరసన పేర్చిన పిల్లవి కదా! కానీ ఆ రాత్రి నాకూ సరిగ్గా నిద్ర పట్టలేదు. అందుకే రాస్తున్నా.

తెలిసినవే అయినా చెబుతా. కార్డును అంచులతో పట్టుకో. పీవీసీ ప్లాస్టిక్ కవర్లు వాడకు. రశీదు ఇవ్వని వాడి దగ్గర కొనకు.

ముందు 1962తో మొదలుపెట్టు. మొత్తం 598 కార్డులు, చుట్టూ చెక్క గీతల బోర్డరు. 110 నుంచి 196 నంబర్ల వరకు ఉన్న రెండో సిరీస్‌లోనే (రెండో విడతలోనే) అసలు పని. ఆ సిరీస్‌ను ఇంకో ప్రెస్‌లో కూడా అచ్చేయించారని, అక్కడ రంగులు తేడా కొట్టి బొమ్మలకు ఆకుపచ్చ ఛాయ వచ్చిందని చెబుతారు. కొన్నిటికి ఫోటోలే మారాయి. 174వ నంబరు కార్ల్ విల్లీ ఒకదాంట్లో టోపీతో ఉంటాడు, ఆకుపచ్చ ఛాయ దాంట్లో టోపీ ఉండదు. 129లో లీ వాల్స్ ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరిగి ఉంటాడు. 139 మరీ చిత్రం: పాతకాలం స్టార్ బేబ్ రూత్ కథ చెప్పే కార్డుల్లో ఒకటి, హాల్ రెనిఫ్ అనే ఆటగాడివి రెండు, మూడింటికీ అదే నంబరు! ఫోటో మారని కార్డుల దగ్గరే కన్ను తడబడుతుంది. మామూలుదీ, అనుమానం ఉన్నదీ పక్కపక్కన పెట్టి పగటి వెలుగులో చూడు. ఆకాశం, చర్మం రంగు చెప్పేస్తాయి. స్టార్లను పక్కన పెడితే చాలావరకు చవకే కాబట్టి పొరపాటు పడ్డా నష్టం తక్కువ. నీ కన్ను ఇక్కడే తయారవ్వాలి.

టీ206 జోలికి ఇప్పుడే పోకు. 1909-11లో సిగరెట్ పెట్టెల్లో వచ్చిన ఆ బేస్‌బాల్ కార్డుల వెనకాల పదహారు బ్రాండ్ల ప్రకటనలున్నాయి. అందులో దిగితే నువ్వు అప్పుల్లోంచి తేలవు.

ఇక 1969. నా భయమంతా దానితోనే.

బేస్‌బాల్ స్టార్ మిక్కీ మాంటిల్ ఆ ఏడాది మార్చిలోనే రిటైరయ్యాడు, అయినా 500వ కార్డు ఆయనదే. మామూలు కార్డులో ఇంటిపేరు పసుపు అక్షరాల్లో ఉంటుంది. కొన్నిటిలో అదే తెల్లగా ఉంటుంది, ధర మాత్రం కొన్ని రెట్లు. ఇక్కడ తెలుపంటే ఇంకు కాదమ్మా, కింద ఉన్న కాగితమే. అసలైన తెల్ల అక్షరాల కార్డులో పసుపు ఇంకు ఆ అక్షరాల్లో మాత్రమే పడదు, మిగతా బొమ్మంతా ఉండాల్సినంతే ఉంటుంది.

నేను అమెరికా వచ్చిన కొత్తలో నాతో పాటు అపార్ట్‌మెంట్‌లో తెనాలి వైపు కుర్రాడొకడు ఉండేవాడు. బేస్‌బాల్ పిచ్చి నాకు అంటించిందే వాడు. కార్డులు అమ్మే ఒక షోలో, హోటల్ హాల్లో మసక దీపాల కింద, తెల్ల అక్షరాల మాంటిల్ కొన్నాడు. ఇంటికి పంపాల్సిన డబ్బది. ‘ఇంకొకాయన చూసి వెళ్లాడు, మళ్లీ వస్తానన్నాడు’ అని అమ్మినవాడు తొందరపెట్టాడట. మర్నాడు కిటికీ దగ్గర మామూలు కార్డు పక్కన పెట్టి చూశాం. మాంటిల్ మొహం గులాబీ రంగులో ఉంది. అచ్చు బొమ్మంటే చిన్న చిన్న రంగు చుక్కలే కదా, పది రెట్లు చూపే భూతద్దం పెడితే బుగ్గ మీద ఎర్ర చుక్కలు కనబడుతున్నాయి, పక్కన ఉండాల్సిన పసుపు చుక్కలు లేవు. ఎండలో పెట్టారో, పెట్టిన చోట ఎండ పడిందో గానీ, మామూలు కార్డులోని పసుపంతా వెలిసిపోయింది. వాడు నోరెత్తలేదు. నెల తిరక్కుండా ఉన్న కార్డులన్నీ అమ్మేశాడు, మళ్లీ ఒక్క ఆట చూడలేదు.

పోయిన డబ్బు నువ్వు మళ్లీ సంపాదించుకుంటావు. కానీ నీకు కూడా అలా మనసు విరిగిపోతే నేను చూడలేను.

అందుకే మొహమాటం లేకుండా చెబుతున్నా: అర్ధరాత్రి ఫోన్లో ఫోటో చూసి వేలం పాడావంటే ఊరుకోను! మొహంలో పసుపు చుక్కలు చూడు. ఏ కార్డులోనైనా గడ్డి నీలంగా కనిపిస్తే పక్కన పెట్టెయ్. కార్డును వెలుతురుకు ఏటవాలుగా తిప్పు. అక్షరాల దగ్గర మాత్రమే మెరుపు చచ్చిపోయి ఉంటే ఎవరో మందు పెట్టి చెరిపారన్నమాట. ‘ఇప్పుడే తేల్చాలి’ అనే వాడికి దణ్ణం పెట్టి వచ్చెయ్.

మాంటిల్‌ను చివర్లో కొను. దొరికితే అడ్వాన్స్ ఇవ్వకముందే నాకు ఫోన్ చెయ్, కారేసుకుని వస్తా. కార్ల్ విల్లీ రెండు రకాలూ నా డూప్లికేట్లలో ఉన్నాయి, దసరాకి వచ్చినప్పుడు తీసుకెళ్లు. మీ అమ్మతో నేను మాట్లాడతాలే.

మామయ్య