అడితి పెడుతున్నావట

చిరంజీవి వాసుకి పెద్దమ్మ ఆశీస్సులు.

ఉద్యోగం మానకుండానే ఊరి బయట స్థలంలో చిన్న కట్టెల అడితి పెడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదురా. మన వాళ్లలో మళ్లీ ఒకడు కాటా పెడుతున్నాడని సంతోషం, ఆ మోపుల్లో చెయ్యి పెట్టేది నువ్వని భయం.

పంచాయతీ లైసెన్సు తీసుకో. కాటాకు గడువు దాటకుండా తూనికల శాఖ ముద్ర వేయించు. రైతు సొంత పొలంలో చెట్టు కొట్టాలన్నా వాల్టా చట్టం కింద అనుమతి కావాల్సి రావచ్చు, ఆ సంగతి తేలందే డబ్బివ్వకు. బిర్యానీ హోటళ్లకు వారం మించి అరువొద్దు.

ఇక పచ్చి కట్టె సంగతి. 1990 మే తుపానుకి మన చీరాల చుట్టుపక్కల సరుగుడు తోటలు నేలకొరిగాయి. వైశాఖంలో వానేమిటిలే అని మేం అడితి మీద పరదా కూడా కప్పలేదు. ఉన్న ఎండు సరుకంతా తడిసింది. పడిపోయిన సరుగుడు చవకగా వస్తుంటే మీ పెదనాన్న లారీ లోడు కొన్నారు. ఊరంతా కట్టెల కోసం ఎగబడుతోంది. పచ్చివని తెలిసే తూచాను. నీళ్ల బరువుక్కూడా డబ్బులొస్తున్నాయని లోలోపల లెక్క వేసుకున్నాను కూడా.

ఒకాయన తండ్రి దహనానికి ఐదు క్వింటాళ్లు తీసుకెళ్లాడు. దీపాలు పెట్టే వేళకి తిరిగొచ్చాడు. ఒళ్లంతా పొగ వాసన, కళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. తిడతాడనుకున్నాను. "అమ్మా, ఎండువి నాలుగు కట్టెలుంటే ఇప్పించండి, నాన్న ఇంకా కాలలేదు" అన్నాడు. మా పొయ్యి పక్కన పేర్చుకున్న తుమ్మ కట్టెలన్నీ, కిరసనాయిలు డబ్బాతో సహా తెచ్చిచ్చాను. డబ్బులొద్దన్నా వినలేదు, కాటా పళ్లెంలో పెట్టి వెళ్లిపోయాడు. ఆ నోట్లు మూడు రోజులు అక్కడే ఉన్నాయి. నేను తీయలేకపోయాను.

అందుకే చెబుతున్నా. పచ్చి సరుగుడు టన్ను ఎండితే ఆరేడు క్వింటాళ్లకు దిగుతుంది. ఆ తరుగు ధరలో వేసుకో, కొనేవాడి నెత్తిన రుద్దకు. చీల్చి, అడుగున మొద్దులేసి, గాలాడేలా అడ్డదిడ్డంగా పేర్చు. పరదా పైన మాత్రమే కప్పు, పక్కలు మూశావా బూజు పడుతుంది. రెండు కట్టెలు కొట్టి చూడు. ఎండింది ఖంగుమంటుంది, పచ్చిది దబ్బుమంటుంది. దహనానికని ఎవరొచ్చినా ఎండిన కుప్ప నుంచే నీ చేత్తో తీసివ్వు.

ఇంకో మాట, నవ్వొద్దు. చీకట్లో కుప్పలో చెయ్యి పెట్టావంటే నేనొచ్చి చెంప పగలగొడతా. కట్లపాములకి ఆ సందులే ఇళ్లు. ముందు కర్రతో తట్టు, కాళ్లకు బూట్లు వేసుకో, పనివాడికీ కొనిపెట్టు. కరిస్తే కట్టు కట్టడాలు, కోయడాలు, మంత్రాలు పెట్టుకోకుండా నేరుగా పెద్దాసుపత్రికే పరుగెత్తాలి. నువ్వు నెలల పిల్లాడిగా ఉన్నప్పుడు నిన్ను ఆ కాటా పళ్లెంలోనే కూర్చోబెట్టి తూచానురా. ఏడు కిలోలున్నావు.

మీ పెదనాన్న గొడ్డలి అటక మీద ఉంది. పండక్కి వచ్చినప్పుడు పట్టుకెళ్లు. పిడి వదులైంది, కొత్త పిడి వేయించేదాకా మాత్రం ఎత్తకు.

మీ పెద్దమ్మ