ఇంట్లో కుండీ మొక్కల దగ్గర సాలీళ్లను ఉండనివ్వవచ్చా?

ఉండనివ్వవచ్చు, సాలీళ్లు మొక్కను తినవు, ఎగిరే చిన్న పురుగులను కొంత తగ్గిస్తాయి, అయితే మొక్కకు పట్టే ప్రతి చీడనూ అవి అదుపు చేయలేవు.

కారణం వాటి వేట పద్ధతిలోనే ఉంది. కొన్ని సాలీళ్లు గూటిలో చిక్కిన పురుగు కదలికను బట్టి, మరికొన్ని కళ్లతో చూసి దూకి ఎరను పట్టుకుంటాయి కనుక ఎగిరే చిన్న చీడపురుగైన తెల్లదోమ వాటికి దొరుకుతుంది కానీ, ఆకు కాడ మొదట్లో దూదిలా అంటుకుని కదలకుండా రసం పీల్చే పిండినల్లి చాలావరకు తప్పించుకుంటుంది.

ఉదాహరణకు, విజయవాడ అపార్ట్‌మెంట్‌లో నీళ్లు ఎక్కువైన మనీప్లాంట్ కుండీ నుంచి చిన్న నల్ల ఈగలు లేస్తుంటే, సాలీడు ఎగిరేవాటిని పడుతుంది, తడి మట్టిలోని పిల్లపురుగులను ముట్టదు. పైమట్టి ఆరిన తరువాతే నీళ్లు పోయడం అసలైన నివారణ.

ఆకుల అడుగున సన్నని గూడు కనబడగానే అది సాలీడు పనేనని చాలామంది పొరబడతారు. గుంటూరు వైపు వంగ, బెండ రైతులకు తెలిసిన ఎర్రనల్లి కూడా అలాంటి గూడే అల్లుతుంది. సుమారు అర మిల్లీమీటరు ఉండే ఈ జీవి రసం పీల్చి ఆకుపై లేత పసుపు చుక్కలు మిగులుస్తుంది, వేసవి పొడి వేడిలో వేగంగా పెరుగుతుంది. తెల్లకాగితంపై ఆకును తట్టినప్పుడు సన్నని చుక్కలు రాలి పాకితే అది నల్లే. అప్పుడు ఆకుల అడుగును నీటిధారతో కడగాలి. మామూలు పురుగుమందులు చాలావాటికి నల్లి లొంగదు, మేలుచేసే సాలీళ్లు మాత్రం చనిపోతాయి.