సీటీ స్కాన్ లేకుండా సైనస్‌కు బెలూన్ చికిత్సా?

ప్రశ్న: నా వయసు 36. రెండేళ్లుగా నొసలు, కళ్ల చుట్టూ బరువుగా ఉంటోంది. నెలకు నాలుగైదుసార్లు తలనొప్పి తీవ్రంగా వస్తుంది. అప్పుడు ముక్కు దిబ్బడేస్తుంది, వెలుతురు చూడలేను, కడుపులో తిప్పుతుంది. సైనస్ అనుకుని చాలాసార్లు యాంటీబయాటిక్స్ వాడాను. ఈమధ్య ఒక డాక్టరు గారు బెలూన్‌తో సైనస్ తెరిపిస్తే పోతుందన్నారు. సీటీ స్కాన్ ఇంకా తీయలేదు. చేయించుకోమంటారా?

సలహా: ఇప్పుడే వద్దండి. స్కాన్ చూడకుండా బెలూన్ చికిత్సకు ఒప్పుకోకండి. మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే, అసలు ఇది సైనస్ జబ్బేనా అన్నది ముందు తేలాలి.

దీర్ఘకాలిక సైనసైటిస్ (ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే గాలి గదులైన సైనస్‌ల వాపు) అని చెప్పాలంటే ముక్కు దిబ్బడ, చిక్కటి చీమిడి, ముఖంలో నొప్పి లేదా బరువు, వాసన తగ్గడం వీటిలో కనీసం రెండు 12 వారాలకు పైగా విడవకుండా ఉండాలి. దాంతోపాటు ఎండోస్కోపీలోనో (ముక్కులోకి సన్నని కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష) సీటీ స్కాన్‌లోనో వాపు, చీము కనిపించాలి. చీమిడి గురించిగానీ, వాసన తెలియకపోవడం గురించిగానీ మీరు రాయలేదు. వచ్చి పోయే తీవ్రమైన నొప్పి, వెలుతురు పడకపోవడం, వికారం ఎక్కువగా మైగ్రేన్‌లో చూస్తాం. మైగ్రేన్ వచ్చినప్పుడు ముక్కు మూసుకుపోవడం, నీరు కారడం కూడా మామూలే. ముఖానికి స్పర్శనిచ్చే నాడి ఉత్తేజితం కావడమే దీనికి కారణం. అందుకే సైనస్ తలనొప్పి అని ఏళ్లతరబడి మందులు వాడేవాళ్లలో చాలామందికి చివరికి మైగ్రేన్ అని తేలుతుంది. అలాంటివారికి యాంటీబయాటిక్స్ పనిచేయవు, బెలూనూ పనిచేయదు.

బెలూన్ మంచి పరికరమే. 2005 నుంచి వాడుకలో ఉంది. గుండె రక్తనాళాన్ని వెడల్పు చేసినట్టే, సన్నని బెలూన్‌ను సైనస్ ద్వారంలోకి పంపి కొన్ని సెకన్లు ఉబ్బిస్తారు. కణజాలాన్ని కోసి తీయరు. తగినవారికి మత్తు ఇవ్వకుండా, ఆ భాగం మొద్దుబారేలా చేసి కూడా చేయవచ్చు. కోలుకోవడం త్వరగానే ఉంటుంది. నొసలు, బుగ్గలు, ముక్కు వెనక ఉండే సైనస్‌ల ద్వారం మూసుకుపోయి, పాలిప్స్ (ముక్కులో పెరిగే మెత్తటి కండలు) లేకుండా, జబ్బు కొద్దిపాటిగానే ఉన్నవారికి ఇది ఉపయోగపడుతుంది. ఏడాదికి నాలుగైనా అంతకుమించైనా సైనసైటిస్ దాడులు వస్తూ, స్కాన్‌లో ద్వారం మూసుకున్న ఆనవాళ్లున్నవారికీ పరిశీలించవచ్చు. కళ్ల మధ్యనుండే ఎత్మాయిడ్ గదులను మాత్రం బెలూన్ సరిచేయలేదు. పాలిప్స్ నిండిపోయినా, ఫంగస్ ఉన్నా, ఒకవైపే గడ్డలాంటిది కనిపించినా కణజాలాన్ని తీయాలి, పరీక్షకు పంపాలి. అక్కడ ఎండోస్కోపిక్ సర్జరీయే దారి.

అమెరికా ఈఎన్‌టీ వైద్యుల అకాడమీ 2018లో ఇచ్చిన నిపుణుల ఏకాభిప్రాయ ప్రకటన ఈ విషయంలో సూటిగా ఉంది. లక్షణాలూ, స్కాన్‌లో జబ్బూ రెండూ ఉంటే తప్ప బెలూన్ తగదు. దీర్ఘకాలిక లేదా పదేపదే వచ్చే సైనసైటిస్ లేనివారికి కేవలం తలనొప్పి కోసం చేయడం సరికాదు. నేనూ ఇదే గట్టిగా చెబుతాను. కోత లేదు కదా అని అవసరం లేకున్నా చేయడం న్యాయం కాదు. అరుదుగానైనా రక్తస్రావం, కంటికి గాయం, మెదడు చుట్టూ ఉండే ద్రవం లీకవడం వంటి ప్రమాదాలున్నాయి.

స్కాన్ ఎప్పుడు తీయాలన్నదీ ముఖ్యమే. జలుబులో తీస్తే మామూలు వాపు కూడా జబ్బులా కనిపిస్తుంది. ఏ బాధా లేనివారి స్కాన్‌లోనూ సైనస్ పొర కాస్త మందంగా కనిపించవచ్చు. అది ఒక్కటే చూసి చికిత్సకు దిగకూడదు. ఈఎన్‌టీ డాక్టరు ఎండోస్కోపీలో సైనసైటిస్ ఉందంటే ముందు ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం, స్టెరాయిడ్ స్ప్రే ఆరు నుంచి పన్నెండు వారాలు క్రమంగా వాడాలి. స్ప్రే నాలుగురోజులు కొట్టి పనిచేయలేదని ఆపేసేవారే ఎక్కువ. మొనను ముక్కుదూలం వైపు కాకుండా బయటివైపు తిప్పి కొట్టండి. ఎదురుచేత్తో, అంటే కుడి ముక్కుకు ఎడమచేత్తో, ఎడమ ముక్కుకు కుడిచేత్తో పట్టుకుంటే తేలిక. ముక్కు కడిగే నీరు మరిగించి చల్లార్చినదో, డిస్టిల్డ్ వాటరో కావాలి. కుళాయి నీరు నేరుగా వాడకండి.

ఈలోగా నొప్పి వచ్చిన రోజు, ఎన్ని గంటలుంది, నిద్ర, నెలసరి, వేసుకున్న మాత్రలు రాసిపెట్టుకుని న్యూరాలజిస్టుకు చూపించండి. కంటి చుట్టూ వాపు, ఒకటి రెండుగా కనిపించడం, మెడ బిగుసుకుని తీవ్ర జ్వరం వస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.