పాత కారు సస్పెన్షన్ బుష్‌లు నాలుగు నెలలకే చిరిగిపోతే బాధ్యత ఎవరిది?

ప్రశ్న: నా దగ్గర 1972లో మొదటిసారి రిజిస్టరైన కారు ఉంది. ముందు సస్పెన్షన్‌లోని రబ్బరు బుష్‌లు (లోహపు కీళ్ల మధ్య కుదుపును మింగే రబ్బరు తొడుగులు) అరిగిపోవడంతో కొత్తవి నేనే కొని తెచ్చి, ఒక వర్క్‌షాపులో వేయించాను. నాలుగు నెలలకే అవి చిరిగిపోయాయి. రబ్బరు నాసిరకమని వర్క్‌షాపు వారు, బిగించిన తీరే తప్పని విక్రేత అంటున్నారు. ‘పాత వాహనాలకు గ్యారంటీ లేదు’ అని వర్క్‌షాపు బిల్లు మీద ముద్ర ఉంది. నేను ఎవరి మీద ఫిర్యాదు చేయాలి? ఈసారి రబ్బరుకు బదులు పాలీయురేథేన్ అనే కృత్రిమ పదార్థంతో చేసిన బుష్‌లు వేయిస్తే రవాణా శాఖ అనుమతి కావాలా?

జవాబు: ఇద్దరి మీదా చేయవచ్చు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం విక్రేత అమ్మిన వస్తువులోని లోపానికీ, వర్క్‌షాపు చేసిన పనిలోని లోపానికీ వేర్వేరుగా జవాబుదారీ ఉంటుంది. తప్పు ఎవరిదో మీకు ఇంకా తెలియదు కనుక ఇద్దరినీ ఒకే ఫిర్యాదులో ప్రతివాదులుగా చేర్చడమే క్షేమం. ఒకరినే చేర్చితే, వారు తప్పంతా అక్కడ లేని రెండోవారి మీదకు నెట్టి తప్పించుకోజూస్తారు.

అయితే మీ కేసు నిలిచేది చట్టం మీద కన్నా ఆ చిరిగిన బుష్‌ల మీద. ఈ రకం బుష్ బేరింగులా తిరగదు. లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ మధ్యనున్న రబ్బరే మెలితిరిగి కదలికకు చోటిస్తుంది. అందుకే కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడే బోల్టును చివరిసారి బిగించాలి. జాకీ మీద చక్రాలు వేలాడుతుండగానే బిగించేస్తే, కారు కిందికి దిగిన క్షణం నుంచి రబ్బరు మెలికపడిన స్థితిలోనే ఉండి, త్వరలోనే చిరుగుతుంది. బుష్ సులువుగా దూరాలని మామూలు ఆయిల్ పూసినా సహజ రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. ఇవి రెండూ పనిలోని లోపాలే. అలాకాక ఏళ్ల తరబడి నిల్వ ఉన్న సరుకు గట్టిపడి, పైనంతా బీటలు వారి ఉంటే అనుమానం విక్రేత వైపు మళ్లుతుంది. కనుక మరో మెకానిక్ చేత ఊడదీయించేముందు, అవి కారులో ఉండగానే ఫోటోలు తీయించండి; స్వతంత్రుడైన ఆటోమొబైల్ ఇంజనీరు సమక్షంలో విప్పించి, ఆయన నివేదికను సంతకంతో తీసుకుని, ముక్కలను సీలు వేసి భద్రపరచండి. పనికిరావని పారేసిన విడిభాగాల వల్ల నీరుగారిన ఫిర్యాదులను నేను చూశాను. వస్తువును పరీక్షిస్తే తప్ప లోపం తేలదనుకుంటే, అదే చట్టం సెక్షన్ 38 కింద, ఫిర్యాదును విచారించే వినియోగదారుల కమిషనే దానిని ప్రయోగశాలకు పంపగలదు.

బిల్లు మీది ముద్రకు భయపడనక్కర్లేదు. కారు వయసు వల్ల మరో భాగం చెడితే వారికి ఆ మాట కొంత ఆసరా కావచ్చునేమో గానీ, తాము చేసిన పనిని శ్రద్ధగా చేయాల్సిన బాధ్యత దానితో తీరిపోదు.

ముందుగా ఇద్దరికీ స్పీడ్ పోస్టులో నోటీసు పంపి పదిహేను రోజుల గడువివ్వండి. ఫలితం లేకపోతే మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపు అయితే రుసుము లేదు. వివాదానికి కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లే గడువు. ఈలోగా కారును రోడ్డు మీదకు తేవద్దు: ప్రమాదకరమైన లోపం ఉందని తెలిసీ నడపడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190 కింద నేరం. పైగా వాహనాన్ని మంచి స్థితిలో ఉంచాలనే పాలసీ షరతును చూపి బీమా సంస్థ పేచీ పెట్టవచ్చు.

ఇక పాలీయురేథేన్ సంగతి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 దృష్టిలో ‘మార్పు’ అంటే వాహనపు మౌలిక లక్షణాన్ని మార్చే నిర్మాణపరమైన మార్పు. అదే కొలతల బుష్‌ను వేరే పదార్థంతో చేసినది వేయడం ఆ కోవలోకి రాదని, అనుమతి అక్కర్లేదని నా అభిప్రాయం. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటినందున మీరు వింటేజ్ (పాతకాలపు వాహనంగా) రిజిస్ట్రేషన్ కోరదలిస్తే, 2021 నాటి నిబంధనలు అభ్యంతరపెట్టేది ఛాసిస్ (వాహనపు చట్రం), బాడీ, ఇంజన్‌లకు చేసిన భారీ మార్పులకే. కొత్త బుష్ ఇమడడం కోసం ఛాసిస్‌ను కోయడానికో, వెల్డింగ్ చేయడానికో మాత్రం ఒప్పుకోవద్దు.