పరీక్ష ముందా, పాలసీ ముందా?

ప్రశ్న: నా వయసు 36. రాజమండ్రిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరర్‌ని, జీతం 26,000. మావారు కాకినాడలో ఒక కంపెనీలో చేస్తారు, చేతికి 45,000 వస్తుంది. ఒక పాప. నాలుగేళ్లుగా నాకు కడుపుబ్బరం, నొప్పి, రోజుకు నాలుగైదు సార్లు మోషన్స్. ఎవరికి చూపించినా గ్యాస్ అనే అన్నారు. ఎండోస్కోపీ నార్మల్ వచ్చింది. ఈ ఏడాది 6 కిలోలు తగ్గాను, హిమోగ్లోబిన్ 9కి పడిపోయింది. కొత్త డాక్టరు కొలనోస్కోపీ (పెద్దపేగులోకి కెమెరా పంపి చూడటం), బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం), ఇంకొన్ని పరీక్షలు రాశారు. 22,000 దాకా అవుతుందట. మాకు తెలిసిన ఏజెంటు మాత్రం "ముందు 10 లక్షల పాలసీ తీసుకోండి, ఫారంలో ఏమీ రాయొద్దు, నెల ఆగి పరీక్ష చేయించుకోండి. జబ్బు పేరు బయటపడితే ఎవరూ ఇవ్వరు" అంటున్నారు. మావారి కంపెనీ గ్రూప్ పాలసీ 3 లక్షలది ఉంది, అందులో నా పేరూ ఉంది. 1.5 లక్షల ఎఫ్‌డీ ఉంది. 2 లక్షల చీటీ, 20 నెలలది, 8 నెలలు కట్టాం. పాట 34,000 దాకా వెళ్తోంది. కార్డు మీద 38,000 ఈఎంఐలున్నాయి. చీటీ పాడేయమంటారా? పరీక్ష ఆపుకోమంటారా? పోయిన ఏడాది వైద్యానికి పెట్టిన 64,000 లెక్క కూడా పంపుతున్నాను.

జవాబు: పరీక్ష ఆపకండి. డాక్టరు తేదీ ఇస్తే ఆ తేదీకే వెళ్లండి. నేను వైద్యుణ్ని కాను గానీ, కారణం తెలియకుండా బరువు తగ్గడం, రక్తం తగ్గడం కనిపిస్తే డాక్టర్లెవరూ 'చూద్దాంలే' అనరు. నెల ఆగితే డబ్బు మిగులుతుందన్న లెక్క కూడా తప్పే. ఎందుకో చెబుతాను.

మీ ఏజెంటు సలహా అంతా ఒకే నమ్మకం మీద నిలబడింది: జబ్బుకు పేరు పెట్టనంతవరకు అది లేనట్టే అని. బీమా నిబంధనల్లో అలా లేదు. పాలసీ తీసుకునే నాటికి ముందు 36 నెలల్లో డాక్టరు నిర్ధారించిన జబ్బే కాదు, వైద్య సలహా లేదా చికిత్స తీసుకున్న సమస్య కూడా 'ముందే ఉన్న జబ్బు' కిందికే వస్తుంది. నాలుగేళ్లుగా మీరు మందులు వాడుతున్నారు, ఎండోస్కోపీ చేయించుకున్నారు. కొలనోస్కోపీ చేయించినా, మానినా అది మారదు.

ఇలాంటి క్లెయిములు ఎక్కడ దెబ్బతింటాయో తెలుసా? మీరు నింపిన ఫారం దగ్గర కాదు, ఆసుపత్రి కేస్ షీట్ దగ్గర. అడ్మిట్ అయిన రోజు డ్యూటీ డాక్టరు వచ్చి "ఎప్పటినుంచమ్మా?" అని అడుగుతారు. నొప్పితో ఉన్న మనిషి నిజమే చెబుతుంది. "4 సంవత్సరాలుగా" అని ఆయన రాసుకుంటారు, డిశ్చార్జి సమ్మరీలోనూ అదే వస్తుంది. బీమా కంపెనీ మొదట వెతికేది ఆ లైనునే. అక్కడ క్లెయిమ్ పోతుంది, చాలాసార్లు పాలసీ కూడా రద్దవుతుంది.

ఐదేళ్లు దాటితే ఎవరూ అడగరని కూడా ఏజెంటు చెప్పి ఉండొచ్చు. ఆపకుండా 60 నెలలు కట్టిన పాలసీ మీద, వివరాలు చెప్పలేదన్న కారణంతో క్లెయిమ్ తిరస్కరించకూడదని 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన మార్చిన మాట నిజమే. అయితే మోసమని కంపెనీ రుజువు చేస్తే ఆ రక్షణ ఉండదు. తెలిసి తెలిసి దాచిపెట్టమని మీకు సలహా ఇస్తున్నారు. అదే నిజం చెప్పి తీసుకుంటే, ముందే ఉన్న జబ్బుకు వెయిటింగ్ పీరియడ్ (ఆ జబ్బుకు క్లెయిమ్ ఇవ్వని కాలం) 36 నెలలకు మించకూడదు. మూడేళ్లు ఓపిక పడితే ధైర్యంగా క్లెయిమ్ వేసుకోవచ్చు. దాస్తే ఏ ఏడాదీ టెన్షన్ లేకుండా ఉండలేరు.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న అసలు ఆస్తి సంగతి. మీరు దాన్ని ఒక్క వాక్యంలో దాటేశారు. అదే మీవారి గ్రూప్ పాలసీ. చాలా గ్రూప్ పాలసీల్లో ముందే ఉన్న జబ్బులకు మొదటి రోజునుంచే కవర్ ఉంటుంది. మీవారి చేత హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టించండి, నోటిమాట వద్దు. ముందే ఉన్న జబ్బులకు వెయిటింగ్ ఉందా, భార్యకూ అదే వర్తిస్తుందా, రూమ్ అద్దె మీద పరిమితి ఎంత, అడ్మిషన్‌కు ముందు ఎన్ని రోజుల ఖర్చులు ఇస్తారు అని అడగమనండి. జవాబు కాగితం మీద వచ్చాక మీ భయం సగం తగ్గుతుంది. మీ పరిస్థితి తేలేదాకా మీవారు ఉద్యోగం మారే ఆలోచన ఏదైనా ఉంటే ఈ పాలసీని కూడా లెక్కలో వేసుకోవాలి. మానేయాల్సి వస్తే, అదే బీమా కంపెనీ సొంత పాలసీలోకి మారడానికి ముందుగానే దరఖాస్తు చేయండి. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం కంపెనీ పరిశీలన మీద ఉంటుంది. ఒప్పుకుంటే మాత్రం గ్రూపులో గడిపిన కాలాన్ని వెయిటింగ్‌లో కలుపుతారు.

అయితే కొలనోస్కోపీ ఖర్చు బీమా ఇస్తుందనుకోకండి. కేవలం పరీక్షల కోసం అడ్మిట్ అయితే మామూలు హెల్త్ పాలసీలు చెల్లించవు. "ఒక రోజు అడ్మిట్ అయినట్టు రాస్తాం, క్లెయిమ్ చేసుకోండి" అనేవాళ్లు ఉంటారు, వద్దనండి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. ఈ పరీక్షలో ఏదైనా బయటపడి, దానికే మీరు ఆసుపత్రిలో చేరాల్సి వస్తే, చేరడానికి ముందు 30 లేదా 60 రోజుల్లో అయిన పరీక్షల ఖర్చు చాలా పాలసీలు తిరిగిస్తాయి. అందుకని డాక్టరు చీటీ, ఒరిజినల్ బిల్లులు, రిపోర్టులు ఒకే ఫైల్లో పెట్టండి.

డబ్బు ఎక్కడినుంచి? చీటీ పాడకండి. మీకు ఇప్పుడు కావలసింది 22,000. తర్వాతి విజిట్లు, మందులు, కాలేజీలో జీతం లేని సెలవులు కలిపి 40,000 అనుకుందాం. దానికోసం చీటీ పాడితే 34,000 వదులుకుని 1,66,000 తెచ్చుకుంటారు, ఇంకా 12 నెలలు కడతారు. దాని బదులు ఎఫ్‌డీ మీద 40,000 లోన్ తీసుకోండి. బ్యాంకు ఎఫ్‌డీ వడ్డీ కంటే 1, 2 శాతం మాత్రమే ఎక్కువ వేస్తుంది. 9 శాతమే అనుకున్నా ఆరు నెలలకు 1,800 దాటదు.

కార్డు బాకీ విషయంలో మామూలుగా ఎవరడిగినా ముందు అది తీర్చేయమంటాను. మీకు అలా చెప్పను. బయాప్సీ రిపోర్టు వచ్చేదాకా చేతిలో నగదు తగ్గించుకోవద్దు. ఈఎంఐ తేదీ తప్పకుండా కడుతూ ఉండండి, అంతే.

మీరు పంపిన 64,000 లెక్క చూశాను. అందులో 'డిటాక్స్' ప్యాకేజీకి 18,000, ఏ తిండి పడదో చెబుతామన్న రక్తపరీక్షకు 9,500. రెండూ కలిపి 27,500. ఇప్పుడు రాసిన పరీక్షలన్నీ ఆ డబ్బుతో అయిపోయి ఇంకా మిగిలేది. వందల ఆహారాలకు ఐజీజీ (రక్తంలో ఉండే ఒక రకం యాంటీబాడీ) చూసే ఆ పరీక్షను అలెర్జీ నిపుణుల సంఘాలు సిఫార్సు చేయవు. అల్ట్రాసౌండ్ మూడుసార్లు చేయించారు, ముగ్గురు డాక్టర్లు వేరువేరుగా రాసినందుకు. ఇకమీదట ఒకే గ్యాస్ట్రోఎంటరాలజిస్టు, ఒకే ఫైలు. పాత ఎండోస్కోపీలో బయాప్సీ తీసి ఉంటే ఆ స్లైడ్లు, బ్లాకులు (తీసిన ముక్కను భద్రపరిచే గాజుపలకలు, మైనం దిమ్మలు) ల్యాబ్‌ను అడగండి. మరోచోట చూపించాల్సి వస్తే మళ్లీ తీయించే పని తప్పుతుంది.

లెక్క కింద మీరు రాసిన చిన్న మాట ఒకటి ఉంది: రెండు నెలలుగా గోధుమ పూర్తిగా మానేశానని. అది డాక్టరుకు తప్పకుండా చెప్పండి. సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ పడక పేగు దెబ్బతినడం) జబ్బుకు చేసే రక్తపరీక్ష గోధుమ తింటున్నప్పుడే సరిగా పట్టిస్తుంది. మానేసి చేయించుకుంటే జబ్బున్నా నార్మల్ అని రావచ్చు. పరీక్ష డబ్బు పోతుంది, ఇంకో ఏడాది గందరగోళం మిగులుతుంది.

వెల్లూరు వెళ్లమని ఇంట్లో ఒకరు, హైదరాబాద్ అని ఇంకొకరు అంటూనే ఉంటారు. ముందు ఈ పరీక్ష మీ ఊళ్లోనో, కాకినాడలోనో, విశాఖలోనో చేయించండి. జవాబు తేలకపోతే అప్పుడు ఆ ఫైలుతో పెద్ద ఆసుపత్రికి వెళ్లండి. ఖాళీ చేతులతో వెళ్తే లాడ్జి అద్దె కట్టుకుంటూ ఇవే పరీక్షలు అక్కడ చేయించుకోవాలి.

జబ్బు పేరు తెలిస్తేనే నేనైనా అసలు ప్రణాళిక వేయగలను. ఐబీఎస్ (పేగుకు దెబ్బ కనిపించకపోయినా నొప్పి, మోషన్స్ ఉండే సమస్య) అని తేలితే నెల ఖర్చు పెద్దగా ఉండదు. సీలియాక్ అయితే మందులకన్నా వంటింటి ఖర్చు మారుతుంది. పేగుల టీబీ అయితే ప్రభుత్వం మందులు ఉచితంగా ఇస్తుంది, చికిత్స సాగినన్నాళ్లు పోషకాహారానికి నెలకు 1,000 బ్యాంకులో వేస్తుంది. క్రోన్స్ లేదా అల్సరేటివ్ కొలైటిస్ (పేగుల్లో వాపు, పుళ్లు వచ్చే దీర్ఘకాలిక జబ్బులు) అయితే ఏళ్ల తరబడి మందులుంటాయి, కొందరికి ఖరీదైన బయోలాజిక్ ఇంజెక్షన్లు కావాల్సి రావచ్చు. మన దేశంలో పేగుల టీబీకీ క్రోన్స్‌కూ తేడా చెప్పడం డాక్టర్లకే కష్టమవుతుంటుంది. కొన్నాళ్లు టీబీ మందులు వాడి చూద్దామన్నారంటే, మిమ్మల్ని తిప్పుతున్నారని అనుకోకండి.

సొంత పాలసీ తీసుకోవాల్సిందే, కాకపోతే రెండుగా విడదీయండి. మీవారికీ పాపకూ ఫ్లోటర్ (ఇద్దరికీ కలిపి ఒకే పాలసీ) ఈ నెలలోనే తీసుకోండి, మీ ఫైలు కోసం వాళ్లను ఆపొద్దు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్‌టీ లేదు. ఇంతకుముందు 18 శాతం ఉండేది. మీకు విడిగా, రిపోర్టులన్నీ జతచేసి, అన్నీ రాసి దరఖాస్తు చేయండి. ప్రీమియం పెంచొచ్చు, వెయిటింగ్ పెట్టొచ్చు, జబ్బు తేలాక రండి అనొచ్చు. ఒక కంపెనీ కాదంటే అందరూ కాదన్నట్టు కాదు. పాలసీ చేతికొచ్చాక 30 రోజుల ఫ్రీ లుక్ గడువులో (నచ్చకపోతే పాలసీ వెనక్కి ఇచ్చే వీలున్న కాలం) ప్రపోజల్ (దరఖాస్తు ఫారం) కాపీ తెరిచి, ఆరోగ్యం గురించిన ప్రశ్నలకు ఏజెంటు 'లేదు' అని టిక్ పెట్టారేమో మీరే చూసుకోండి. పన్ను మిగులుతుందని ఆయన అన్నారట. మీవారు కొత్త పన్ను విధానంలో ఉంటే ఆ మినహాయింపు రాదు.

(ఇది చదివేవారిలో నెలకు 21,000 లోపు జీతంతో ఈఎస్‌ఐ కోత పడుతున్నవారుంటే, బయట ఒక్క రూపాయి పెట్టేముందు ఈఎస్‌ఐ డిస్పెన్సరీకి వెళ్లండి. అక్కడ ఓపీ, పరీక్షలు, మందులు అన్నీ వస్తాయి.)

చీటీ చివరిదాకా కట్టండి. ఏడాది తర్వాత వచ్చే ఆ డబ్బులోంచి ఎఫ్‌డీ లోన్, కార్డు బాకీ ఏవైనా మిగిలి ఉంటే తీర్చేసి, తక్కినది మీ ఇద్దరి పేర్ల మీద విడి ఖాతాలో వేయండి. బయాప్సీ రిపోర్టు, హెచ్‌ఆర్ జవాబు రెండూ వచ్చాక నాకు మళ్లీ రాయండి. ఆ ఖాతాలో ఎంత ఉండాలో అప్పుడు లెక్క వేద్దాం.